అంతా చెల్లించేశాం కదా!

2025 ఫిబ్రవరిలో నేనూ, నా శ్రీమతీ డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాము. పెద్దవాళ్ళం ఇంట్లో కూర్చుని విసుగు చెందుతున్నామని కాబోలు, వాడు మమ్మల్ని ఒక వారం రోజులు మెక్సికోలోని కాన్‌కూన్‌కు తీసుకువెళ్ళాడు. డాలస్ నుండి మూడు గంటల లోపు విమాన ప్రయాణం. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకు విడిగా వీసా అవసరం లేదు. అందువల్ల టెక్సాస్‌లోని తెలుగు కుటుంబాలు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళడం ఇప్పుడు సర్వసాధారణమైంది. మేము దిగిన రిసార్టులో మాకు మరో రెండు తెలుగు కుటుంబాలు తారసపడ్డాయి.

ఆ రిసార్టును ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ అంటారు. గది, మూడు పూటల భోజనం, చిరుతిళ్ళు, పానీయాలు, ఈతకొలను, సాయంత్రపు వినోద కార్యక్రమాలు అన్నీ ముందుగా చెల్లించిన ఒకే మొత్తంలో కలిసి ఉంటాయి. లోపలికి అడుగు పెట్టగానే చేతికి ఒక పట్టీ చుట్టి బిగించారు. ప్రసూతి వార్డులో పసిబిడ్డ చేతికి కట్టే గుర్తింపు పట్టీ వంటిదే. వారం రోజుల వరకు దానిని విప్పడానికి వీలులేదు. అది చేతికి ఉంటే ఎక్కడ ఏది తిన్నా, తాగినా ఎవరూ డబ్బు అడగరు.

గదిలోకి చేరగానే మా అబ్బాయి ఒక కవరు నా చేతికిచ్చాడు. “నాన్నగారూ, ఇందులో యాభై ఒక్క డాలరు నోట్లున్నాయి. టిప్పులకు మీ దగ్గర ఉంచుకోండి” అన్నాడు.

“అంతా చెల్లించేశాం కదరా! మళ్ళీ ఈ బక్షీసులేమిటి?” అన్నాను.

“ఇవ్వడం ఇక్కడి పద్ధతి నాన్నగారూ” అన్నాడు వాడు. నేను ఆ కవరును పెట్టెలో అడుగున పడేశాను.

అది పిసినారితనమని మీరు అనుకోవచ్చు. నేను మాత్రం అది నా సిద్ధాంతమనుకున్నాను. దాని వెనుక ఉన్న కథను చెప్పకపోతే తరువాత చెప్పబోయేది మీకు అర్థం కాదు.

నేను మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ వైద్యునిగా పనిచేశాను. ప్రభుత్వాసుపత్రిలో ‘మామూలు’ అన్న మాటకు అర్థం తెలియని తెలుగువారు ఉండరు. స్ట్రెచర్ తోసినందుకు కొంత, దుప్పటి మార్చినందుకు కొంత, చివరకు శవాన్ని మార్చురీ నుండి బయటకు తెచ్చినందుకు కూడా కొంత ముట్టజెప్పాలి. ప్రసూతి వార్డులోనైతే మగబిడ్డకొక ధర, ఆడబిడ్డకొక ధర. 1986లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు ఒక తెల్లవారుజామున కాన్పు చేసి బయటకు వచ్చాను. తండ్రి తాపీ పనిలో కూలీ. బిడ్డను చూపించమని ఆయాను బతిమాలుతున్నాడు. యాభై రూపాయలిస్తే తప్ప చూపించనని ఆమె పట్టుపట్టింది. అతని వద్ద పన్నెండు రూపాయలున్నాయి. గంటసేపు అతను ఆ తలుపు దగ్గర నిలబడ్డాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. వెంటనే పై అధికారికి ఫిర్యాదు రాశాను. ఆమె దినవేతనంపై పనిచేసే మనిషి కనుక విచారణ అవసరం లేకపోయింది. సాయంత్రానికల్లా పనిలో నుండి తీసివేశారు. ఆ రోజు మొదలు సేవకు మించి చేతిలో పెట్టే డబ్బంటే నాకు ఏవగింపు. హోటలులో కూడా బిల్లు ఎంతయితే అంతే ఇచ్చి లేచి వచ్చేవాణ్ణి.

ఈ అంతా కలిపిన విడిదుల పద్ధతికి ఆరంభం ఐరోపాలో జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది సంవత్సరాలకు, 1950లో, జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశీయుడు స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపంలో గుడారాలు వేసి క్లబ్ మెడ్ అనే సంస్థను ప్రారంభించాడు. యుద్ధంలో నలిగిపోయిన మనుషులు కొద్ది రోజులపాటు డబ్బు లెక్కలు మరచిపోయి సముద్రపు ఒడ్డున గడపాలన్నది ఆలోచన. ఆ విడిదులలో డబ్బు కంటికి కనబడేది కాదు. పానీయం కావాలంటే మెడలోని దండ నుండి పూసలు తీసి ఇచ్చేవారు. టిప్పులు నిషిద్ధం. నాకు ఈ కథ ఎంతో నచ్చింది. జమైకాలో పుట్టిన శాండల్స్ అనే సంస్థ ఇప్పటికీ తన విడిదులలో బట్లర్లు, మసాజ్ చేసేవారు వంటి కొద్దిమందికి తప్ప మిగిలిన సిబ్బందికి టిప్పులివ్వడాన్ని అంగీకరించదు. “చూశావా, అదీ మర్యాద!” అని మా అబ్బాయితో వాదించాను కూడా. వాడు నవ్వి, “మనం వచ్చింది అక్కడికి కాదు కదా” అన్నాడు.

మొదటి రెండు రోజులూ నా సిద్ధాంతం బలపడేటట్లుగానే గడిచాయి. ఈతకొలను పక్కన ఉన్న బారు వద్ద ఒక పెద్దమనిషి మొదటి రోజునే ఇరవై డాలర్ల నోటు కుర్రవాడి చేతిలో పెట్టాడు. ఇక అక్కడినుండి ఆయన గ్లాసు ఖాళీ అయినదే లేదు. ఆయన వెనుక వరుసలో నిలబడ్డ వారు, ముఖ్యంగా నిమ్మరసం అడిగే నా వంటివారు, నిలబడే ఉన్నారు. ఇది మా ఆసుపత్రి మామూలు కాక మరేమిటి? ముందుగా చేయి తడిపి వరుస దాటడమే కదా! పక్కన పెద్ద బల్ల చుట్టూ పన్నెండు మంది తెలుగువారు కూర్చుని, కారం లేదని మూడుసార్లు, పప్పు వంటిదేదైనా చేయగలరా అని రెండుసార్లు వంటవాణ్ణి పిలిపించుకున్నారు. అతను ఎంతో ఓర్పుగా నల్ల చిక్కుడు గింజలతో కూర వంటిది చేసి, పచ్చిమిరపకాయలు విడిగా తెచ్చిపెట్టాడు. వారు తిని, బాగుందని మెచ్చుకుని, నాలుగు అరటిపండ్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. బల్ల మీద ఏమీ పెట్టలేదు. ఆ పన్నెండు మందిలో మా కుటుంబం వారు ఐదుగురు. అరటిపండ్లు నావి.

మంగళవారం రాత్రి రెండు గంటల వేళ నా శ్రీమతికి ఉన్నట్టుండి వాంతులు మొదలయ్యాయి. స్నానాల గదికి చేరేలోపే మొదటి వాంతి దుప్పటి మీద, నేల మీద అయింది. వెంటనే విరేచనాలు. తెల్లవారేసరికి పది పన్నెండు సార్లు అయ్యాయి. జ్వరం పెద్దగా లేదు, రక్తం లేదు. పరీక్షలేవీ చేయించలేదు కాని, ఆరంభమైన తీరును బట్టి నోరోవైరస్ అయివుంటుందని నా అంచనా. ఒకే చోట వందలమంది తిని తిరిగే ఓడలలో, విడిదులలో, వసతి గృహాలలో ఇది దావానలంలా వ్యాపిస్తుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు మా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. అవి లేనివారు ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచు వరకే కొలిచి, కలుపుకోవచ్చు. ఆమె మధుమేహ రోగి. తిండి నిలవని ఆ ఒక్కరోజు మెట్‌ఫార్మిన్ ఆపించాను. మధుమేహం మందులు వాడేవారు ఇటువంటి రోజున ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో ప్రయాణానికి ముందే తమ వైద్యుణ్ణి అడిగి రాయించుకోవడం మంచిది.

“ఏమండీ, ఆ దుప్పటి నేనే ఉతికి ఆరేస్తాను. ఎవరైనా చూస్తే అసహ్యంగా ఉంటుంది” అని ఆవిడ నీరసంలోనూ అదే ధ్యాస. యాభై ఏళ్ళ సంసారంలో తన మలినం ఇంకొకరు ఎత్తడాన్ని ఆమె ఎరగదు.

బుధవారం ఉదయం తొమ్మిది గంటలకు గది శుభ్రం చేసే ఆమె తన బండి తోసుకుంటూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పొట్టిగా, చామనఛాయగా, మన గోదావరి జిల్లాల పల్లెలో ఎదురైతే మనమ్మాయే అనుకునేటట్లు ఉన్నది. గదిలోకి వస్తూనే పరిస్థితి అర్థం చేసుకుంది. ముఖంలో ఏ మార్పూ లేదు. రబ్బరు తొడుగులు వేసుకుని దుప్పట్లన్నీ చుట్టి విడి సంచిలో వేసింది. నేల మీద బ్లీచింగు ద్రావణం పోసి మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. మంచం పరుపును ఒంటిచేత్తో ఎత్తి కొత్త దుప్పటి దోపింది. వెళ్తూ వెళ్తూ ఆరు నీళ్ళ సీసాలు బల్ల మీద పెట్టి, నా శ్రీమతి నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. తొడుగు తీసిన ఆ చేయి నాకు కనబడింది. వేళ్ళ సందులు పగిలి, చర్మం ఎర్రబడి పొలుసులు లేచి ఉన్నది. రోజంతా నీటిలో, రసాయనాలలో నానే చేతులకు వచ్చే చర్మశోథ అది. మా ఆసుపత్రి ఆయాల చేతులు కూడా అట్లాగే ఉండేవి.

ఆ గందరగోళంలో ఆమెకు ఏమీ ఇవ్వలేదు. కృతజ్ఞతలు చెప్పడానికి భాష కూడా రాదు. మధ్యాహ్నం నాకే మనసు ఒప్పక, పెట్టె అడుగున ఉన్న కవరును దాటి, నా పర్సులో నుండి ఇరవై డాలర్ల నోటు తీసి బల్ల మీద గ్లాసు కింద పెట్టాను. గురువారం ఉదయం మేము అలా వరండాలో కూర్చుని వచ్చేసరికి గది అద్దంలా ఉన్నది. గ్లాసు కడిగి తుడిచి ఉన్నది. దాని కింద నా నోటు యథాతథంగా ఉన్నది!

మా మనుమరాలు డాలస్‌లో పదకొండవ తరగతి చదువుతోంది, బడిలో స్పానిష్ నేర్చుకుంటోంది. విషయం చెబితే అది పకపకా నవ్వింది. “తాతయ్యా, బల్ల మీద డబ్బు ముడితే దొంగతనం అంటారు. పని పోతుంది. తనకోసమే పెట్టారని తెలిస్తేనే తీసుకుంటుంది. దిండు మీద పెట్టి, పక్కన కాగితం మీద గ్రాసియాస్ అని రాయాలి” అన్నది. ఆ మాట విన్నాక నేను కొంతసేపు మాట్లాడలేదు. మా ఆసుపత్రిలో చేయి చాచి లాక్కున్నవారిని చూశాను కాని, కంటి ముందున్న నోటును తుడిచి మళ్ళీ అక్కడే పెట్టిన మనిషిని చూడటం అదే మొదలు.

గురువారం రాత్రి మనుమరాలు కాగితం మీద తన ముద్దు అక్షరాలతో రాసి ఇచ్చింది. శుక్రవారం ఉదయం దిండు మీద నోటూ, కాగితమూ పెట్టి బయటకు వెళ్ళాము. తిరిగి వచ్చేసరికి రెండూ లేవు. కాని వరండాలో బండి తోసుకుపోతున్నది వేరే అమ్మాయి. ఈ అమ్మాయిదీ కష్టమే, ఆమె తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే బుధవారం మోకాళ్ళ మీద కూర్చుని తుడిచిన ఆమెకు మాత్రం అది చేరలేదు. వారం చివర ఒకేసారి పెద్ద మొత్తం ఇద్దామనుకునే వారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గది శుభ్రం చేసేవారు వంతులవారీగా మారుతుంటారు. ఆ రోజు పనికి ఆ రోజే ఇస్తే చేసినవారికే చేరుతుంది.

శనివారం పాత ఆమె తిరిగి వచ్చింది. ముఖం పాలిపోయి ఉన్నది. బండిని తోస్తూ ఆగి గోడకు ఆనుకున్నది. నేను మనుమరాలిని పిలిచాను. అది అడిగి నాకు చెప్పింది. గురువారం రాత్రి నుండి ఆమెకూ వాంతులు, విరేచనాలు. శుక్రవారం ఇంట్లో ఉండిపోయింది. ఇంకా కడుపు కుదుటపడలేదు, ఉదయం కూడా రెండుసార్లు అయ్యాయి. మరి ఎందుకు వచ్చావని అడిగితే, ఇంట్లో ఉంటే ఎవరిస్తారు అన్నది.

నేను వైద్యుణ్ణి. బుధవారం ఉదయం ఆమె ఆ నేల తుడుస్తున్నప్పుడు నేను మూడు గజాల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. వాంతి అయినప్పుడు ఈ వైరస్ సూక్ష్మమైన తుంపరలుగా గాలిలోకి కూడా లేస్తుందని నాకు తెలుసు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోమని సైగ చేసినా ఆమెకు అర్థమయ్యేది. సోకిన పన్నెండు నుండి నలభై ఎనిమిది గంటలలో లక్షణాలు బయటపడతాయనీ తెలుసు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ గదిలో ఆమెకు సోకినది మా గది జబ్బేనని నా నమ్మకం. ఇరవై డాలర్లు గ్లాసు కింద పెట్టాలా, దిండు మీద పెట్టాలా అన్న తర్జనభర్జనలో నేను చెప్పవలసిన అసలు మాట చెప్పలేదు.

తరువాత మా అబ్బాయిని కూర్చోబెట్టి అక్కడి పద్ధతులు చదివి చెప్పించుకున్నాను. మెక్సికోలో 2025 సంవత్సరానికి కనీస వేతనం రోజుకు 278.80 పెసోలు. ఆనాటి మారకంలో పద్నాలుగు డాలర్ల లోపు. అనారోగ్యంతో సెలవు పెడితే అక్కడి సామాజిక బీమా సంస్థ ఇచ్చే భృతి నాలుగవ రోజు నుండే మొదలవుతుంది. అది కూడా నమోదైన వేతనంలో అరవై శాతం మాత్రమే. ఇక మంచం మీద పడుకున్న రోజులకు టిప్పులు ఎటూ రావు. మూడు రోజులలో తగ్గిపోయే వాంతులకు, విరేచనాలకు ఆమెకు దక్కేది సున్నా.

ఇక్కడ టిప్పు మర్యాదల ప్రశ్న కాస్తా ప్రజారోగ్య ప్రశ్న అయింది. నోరోవైరస్ సోకినవారు లక్షణాలు తగ్గిన తరువాత కూడా కనీసం నలభై ఎనిమిది గంటలు పనికి, ముఖ్యంగా వంటకు, వడ్డనకు దూరంగా ఉండాలని మేము చదువుకున్నాము. చేతికి రాసుకునే ఆల్కహాలు జెల్ ఈ వైరస్ మీద సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్ళతో రుద్ది కడగాలి. ఈ రెండూ ఏ పుస్తకంలో చూసినా ఉంటాయి. కాని ఏ రోజు బక్షీసు ఆ రోజు తెచ్చుకుంటే తప్ప ఇల్లు గడవని మనిషి కడుపునొప్పితోనే పనికి వస్తుంది. ఆ చేతులతోనే మన దిండు సర్దుతుంది. వంటశాలలో ఆమె వంటివాడే మన పళ్ళెంలో వడ్డిస్తాడు. బహుశా నా శ్రీమతికి జబ్బు వచ్చిన దారి కూడా అదే కావచ్చు. వేతనమూ, జబ్బు సెలవూ సరిగా ఉన్న చోట టిప్పు అన్నది ఇచ్చేవారి సంతోషం. అవి లేని చోట అది జీతంలో యజమాని ఎగవేసిన ముక్క. దానిని అతిథి దయకు వదిలేయడం నాకు ఇప్పటికీ నచ్చదు. నచ్చకపోవడం వేరు, ఆ కారణం చెప్పి నేను కూడా ఎగవేయడం వేరు.

మన పల్లెల్లో ఒకప్పుడు చాకలికి, మంగలికి పంట కళ్ళంలోనే ‘మేర’ కొలిచి ఇచ్చేవారు. కులం చుట్టూ అల్లిన ఆ ఏర్పాటులో అన్యాయం చాలా ఉన్నది, దానిని నేను మెచ్చుకోవడం లేదు. కాని ఆ సంవత్సరం వారి నవ్వు నచ్చిందా లేదా అని చూసి మేర కొలిచినట్లు నేను వినలేదు. స్పానిష్‌లో టిప్పును ప్రొపీనా అంటారు. ఇతరుల ఆరోగ్యాన్ని కోరుతూ పాత్ర ఎత్తి తాగడం అనే పాత గ్రీకు మాట దానికి మూలం. ఎదుటివారి ఆరోగ్యం కోరుతూ! ఒక వైద్యుడికి ఈ మాట తెలిసిన సందర్భం మాత్రం ఇది.

ఆ శనివారం ఉదయం నేను పెట్టె అడుగున ఉన్న కవరు బయటకు తీశాను. యాభై నోట్లలో నలభై ఆమె చేతిలో పెట్టి, మనుమరాలి చేత రెండు మాటలు చెప్పించాను. ఒకటి, ఇది శనివారం, ఆదివారం ఇంట్లో పడుకోవడానికి. రెండు, ఓ.ఆర్.ఎస్. ఎట్లా కలుపుకోవాలో, ఇంట్లో పిల్లలకు వంట చేసే ముందు సబ్బుతో చేతులు ఎట్లా కడుక్కోవాలో. మిగిలిన నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు కూడా ఇచ్చాను. ఆమె నోట్లు లెక్కపెట్టలేదు. ఏదో ఒక మాట అన్నది. మా మనుమరాలికి అర్థం కాలేదు, అది స్పానిష్ కాదట. తరువాత బారు దగ్గర కుర్రవాణ్ణి అడిగితే చెప్పాడు. అది మాయా భాష. ఆ ప్రాంతపు మూలవాసులు ఇళ్ళలో ఇప్పటికీ మాట్లాడుకునేది. ‘డియోస్ బోఓతిక్’ అంటే ధన్యవాదాలు. మాటకు మాట అర్థం మాత్రం దేవుడు చెల్లిస్తాడు అని. కాన్‌కూన్‌లో 1970లో నిర్మాణం మొదలై, 1974లో తొలి హోటళ్ళు తెరిచే వరకు అది దాదాపు నిర్జనమైన ఇసుక తిన్నె. ఆ హోటళ్ళను కట్టడానికి, తుడవడానికి చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చినవారిలో ఈ మాయా కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

ఆమె ఆ రోజు ఇంటికి వెళ్ళిందా, వెళ్ళనిచ్చారా, నాకు తెలియదు. ఆదివారం మా గదికి వేరే అమ్మాయి వచ్చింది. పై అంతస్తులో పని వేశారేమో కూడా.

ఇటువంటి చోట్లకు వెళ్ళబోయే మిత్రులు, ముఖ్యంగా పిల్లలతో కలిసి వెళ్ళే నా వయసు వారు, నన్ను అడిగితే చెప్పేది ఇది. ముందుగా ఆ విడిదిలో టిప్పులు అనుమతిస్తారో లేదో కనుక్కోండి. నిషేధం ఉన్నచోట బలవంతంగా చేతిలో పెడితే వారి పనికే ముప్పు. అక్కడ ఆ వ్యక్తి పేరు రాసి నాలుగు మంచి మాటలు కార్యాలయంలో ఇవ్వండి. జపాన్ వంటి దేశంలో టిప్పు ఇవ్వబోతే వారు ఇబ్బంది పడతారు, అక్కడ తల వంచి నమస్కరిస్తే చాలు. మెక్సికోలో గది శుభ్రం చేసేవారికి రోజుకు రెండు నుండి ఐదు డాలర్లు, సామాను మోసేవారికి సంచికి ఒకటి రెండు, భోజనం బల్ల దగ్గర చూసుకున్నవారికి పూటకు రెండు మూడు, పెద్ద బృందమైతే ఇంకా కొంత ఇవ్వడం పరిపాటి. పెసోలయితే వారికి మరీ మేలు, మారకం కోసం తిరగనవసరం లేదు. డాలర్లయితే నోట్లే ఇవ్వండి. విదేశీ నాణేలను అక్కడ ఎవరూ మార్చరు, చిరిగిన నోటు కూడా చెల్లదు. జేబులో మిగిలిన చిల్లరంతా చివరి రోజు గుమ్మరించి వచ్చి దానం చేశామనుకోవద్దు. మెక్సికో కార్మిక చట్టం ప్రకారం హోటళ్ళలో ఈ ప్రొపీనా పనివారి వేతనంలో భాగమే, యజమాని అందులో వాటా తీసుకోరాదు. కనుక నేరుగా ఇవ్వడమే ఉత్తమం. మొదటి రోజే పెద్ద నోటు చూపి వరుస దాటకండి. అది మాత్రం ఏ దేశంలోనైనా మామూలే. గదిలో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే శుభ్రం చేసేవారికి ఆ మాట ముందుగా చెప్పండి. భాష రాకపోతే సైగ చేయండి. నోటు కన్నా ముందు ఇవ్వవలసింది ఆ సమాచారం.

1986 నాటి ఆ ఆయా సంగతి కొంత మిగిలిపోయింది. ఆమెను తీసివేసిన వారం తరువాత కార్యాలయంలో గుమాస్తా ఏదో సందర్భంలో అన్నాడు, దినవేతనం వారికి నాలుగు నెలలుగా జీతాలు రాలేదని. ఆ మాట విని నేను ఊరుకున్నాను. బిడ్డను దాచి బేరం పెట్టడం ఘోరమే. ఆ తండ్రి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆ ఫిర్యాదు ఈ రోజైనా రాస్తాను. కాని ఆ ఫిర్యాదులో నాలుగు నెలల జీతం గురించి రెండో పేరా రాయవలసి ఉండింది. రాసే హోదా, రాస్తే చదివే అధికారి, రెండూ నాకు ఉండేవి.

ఆదివారం విమానాశ్రయానికి తెచ్చిన డ్రైవరు మా ఐదుగురి పెట్టెలు దించాడు. కవరులో మిగిలిన పది నోట్లు అతని చేతిలో పెట్టాను. చేతికున్న పట్టీ మాత్రం కత్తెర దొరక్క డాలస్ వరకు వచ్చింది. నా శ్రీమతి కూరగాయల కత్తితో కోసి తీసింది.